ఫ్లమెంకో ఎవరిదన్న గొడవ వెనుక

2018లో స్పెయిన్ గాయని రొసాలియా ఆల్బమ్ ‘ఎల్ మాల్ కెరెర్’ ప్రపంచమంతా మోగిపోతుంటే, స్పెయిన్‌లో హితానో జాతికి చెందిన కొందరు ఉద్యమకారులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. రొసాలియా బార్సిలోనా దగ్గర పుట్టింది, పాట, గిటార్, నృత్యం కలిసిన ఫ్లమెంకో కళను కాలేజీలో నేర్చుకుంది, హితానో కాదు. మా మాటలు, మా గుర్తులు వాడుకుని పేరూ డబ్బూ సంపాదిస్తున్నారు, మరి మాకేం మిగిలిందన్నది వాళ్ల ప్రశ్న. ఒక గాయని మీద కోపంగా మాత్రమే చూస్తే ఈ గొడవ అర్థం కాదు.

హితానోలంటే స్పెయిన్‌లోని రోమా ప్రజలు. వాళ్ల పూర్వీకులు భారతదేశం నుంచి వలస వెళ్లారని భాషే సాక్ష్యం చెబుతుంది. స్పెయిన్ రికార్డుల్లో 1425లో కనిపిస్తారు. 1499కే ‘ఒకచోట స్థిరపడి పని చూసుకోండి, లేదంటే దేశం వదలండి’ అని రాజశాసనం వచ్చింది. అన్నిటికన్నా ఘోరం 1749 జూలైలో జరిగింది. రాజు ఆరో ఫెర్నాండో మంత్రి ఎన్సెనాడా పథకం ప్రకారం సైనికులు దేశమంతటా ఒక్కసారిగా విరుచుకుపడి వేల మంది హితానోలను పట్టుకెళ్లారు. మగవాళ్లను నౌకాదళ స్థావరాల్లో వెట్టిచాకిరీకి పెట్టారు. ఆడవాళ్లను, చిన్నపిల్లలను వేరేచోట బంధించారు. భార్యాభర్తలను విడదీస్తే ఆ జాతే అంతరించిపోతుందన్నది లెక్క. చివరి ఖైదీలు 1765లో గానీ బయటపడలేదు. ఫ్లమెంకోలో కొలిమి పనివాళ్ల పాటలుగా పేరుపడ్డ ‘మార్తినేతె’కు గిటార్ ఉండదు, గొంతే ఆధారం. వాటిలో జైలు, సంకెళ్లు, తల్లి కోసం ఏడుపు పదేపదే వినిపిస్తాయంటే అది ఊరికే వచ్చిన బాధ కాదని నా నమ్మకం.

అలాగని ఫ్లమెంకో ఒక్క హితానోల సృష్టే అనడమూ సరికాదు. రోమాలు యూరప్ అంతటా ఉన్నారు. ఫ్లమెంకో మాత్రం దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో, ముఖ్యంగా సెవియా, హెరెస్, కాదిస్ ప్రాంతాల్లోనే రూపు దిద్దుకుంది. 19వ శతాబ్దంలో దాన్ని కెఫేల వేదిక మీద నిలబెట్టిన సిల్వేరియో ఫ్రాంకోనెట్టి తండ్రి ఇటలీవాడు. హితానో గాయకుడు కామరోన్ గొంతుకు గిటార్‌తో జోడీ కట్టిన పాకో దె లూసియా హితానో కాడు. ఇద్దరిలో ఎవరిని తీసేసినా ఆధునిక ఫ్లమెంకో లేదు.

ఈ కళ మీద పెత్తనం దగ్గరికొస్తే కథ వేరు. 1922లో సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా, కవి లోర్కా తదితరులు గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటలో పాటల పోటీ పెట్టారు. కెఫేల వ్యాపారం కళను పాడుచేస్తోందన్న బెంగతో, 21 ఏళ్లు దాటిన వృత్తి కళాకారులను పోటీకి రానివ్వలేదు. ఉద్దేశం మంచిదే. కానీ పాట మీదే బతికేవాళ్లను బయట నిలబెట్టి స్వచ్ఛత గురించి తీర్పు చెప్పడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. బహుమతి అందుకున్నవాళ్లలో ఒకడు చిన్నపిల్లాడు. ఆ హితానో కుర్రాడే తర్వాత మహాగాయకుడైన మనోలో కారకోల్.

నియంత ఫ్రాంకో పాలనలో ఫ్లమెంకో చుక్కల గౌను, గిటార్ టూరిస్టు పోస్టర్లకు ఎక్కాయి. అదే కాలంలో సెవియాలోని త్రియానా పేట నుంచి తరాలుగా పాడుతున్న హితానో కుటుంబాలను ఖాళీ చేయించి ఊరి శివార్లకు తరలించారు. ఉమ్మడి వాకిళ్ల ఇళ్లతో పాటు, పెళ్లిళ్లలో పెద్దల పక్కన కూర్చుని పాట నేర్చుకునే పద్ధతీ చెదిరిపోయింది.

2007 నాటి స్వయంపాలన చట్టం ఫ్లమెంకో మీద అధికారాన్ని ఆండలూసియా ప్రాంతీయ ప్రభుత్వానికి రాసిచ్చింది. 2010 నవంబరులో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు, ఈ కళ ఎదుగుదలలో హితానోల పాత్ర కీలకమని అందులో రాశారు. ఆ మాట రాసినందుకు సంతోషమే. కానీ హితానోలు ఎక్కువగా ఉండే సెవియాలోని పోలిగోనో సుర్, స్పెయిన్ అధికారిక ఆదాయ లెక్కల్లో నేటికీ అట్టడుగు పేటల్లోనే ఉంది.