నరంలోకి ఇనుము

నరంలోకి ఎక్కించే ఐరన్ మందు సీసాలో ముదురు గోధుమ రంగులో, చిక్కటి కషాయంలా ఉంటుంది. సెలైన్‌లో కలిపితే పలచబడి, గొట్టంలోంచి చుక్కచుక్కగా నరంలోకి దిగుతుంది. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ పెరగనివాళ్లకు, మాత్రలు కడుపుకు పడనివాళ్లకు డాక్టర్లు రాసే మందు ఇది.

మాత్రలు ఎందుకు పనిచేయవు? మన ఒంట్లో ఉండే ఇనుము మొత్తం 3, 4 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పేగు రోజుకు లోపలికి రానిచ్చేది 1, 2 మిల్లీగ్రాములే. ఆ తలుపు తాళం కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ చేతిలో ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బో, కీళ్లవాతమో ఉంటే హెప్సిడిన్ పెరిగి తలుపు మూసుకుంటుంది. పేగు గోడ కణాల్లోకి చేరిన ఇనుము రక్తంలోకి దాటలేక, కొన్నాళ్లకు ఆ కణాలతో పాటే రాలిపోతుంది. "రోజూ వేసుకుంటూనే ఉన్నానండీ" అని రోగి చెబితే దయచేసి నమ్మండి. చాలాసార్లు తప్పు ఆ మనిషిది కాదు.

అలాగని విడి ఇనుమును రక్తంలోకి ఎక్కిస్తే అది విషమే, కణాలను దెబ్బతీస్తుంది. అందుకే ఇనుము రేణువుల చుట్టూ చక్కెర జాతి పదార్థంతో తొడుగు వేస్తారు. నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఈ తొడుగే. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లోని భక్షక కణాలు రేణువును మింగి, తొడుగు విప్పి, లోపలి ఇనుమును అవసరం మేరకు వదులుతాయి. తొడుగు ఎంత గట్టిదైతే ఒక్కసారికి అంత ఎక్కువ ఇవ్వొచ్చు. ఈ మందుల్లో ఐరన్ సుక్రోజ్ అనే రకం సాధారణంగా విడతకు 200 మిల్లీగ్రాములు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే రకం అయితే తగినంత బరువున్నవాళ్లకు 15 నిమిషాల్లో 1000 వరకూ ఎక్కించొచ్చు. కాకపోతే దీనితో కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది.

పాతకాలపు ఐరన్ డెక్‌స్ట్రాన్ ప్రాణాంతక అలర్జీలతో భయపెట్టింది. ఇప్పటి మందులతో అది చాలా అరుదు. అయినా ఎక్కించాక అరగంట కనిపెట్టి చూస్తారు. గర్భం మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. సూది పక్కకు జరిగి మందు చర్మం కిందికి కారితే గోధుమ మచ్చ ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు. అక్కడ మంట పుడితే మొహమాటపడకుండా వెంటనే నర్సుకు చెప్పాలి.

హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పెరుగుతుంది. అసలు ఇనుము ఎటు పోతోందో కూడా వెతకాలి. రెండు మిల్లీలీటర్ల రక్తం పోతే సుమారు ఒక మిల్లీగ్రాము ఇనుము పోయినట్టే. నెలసరిలో అధిక రక్తస్రావమో, కడుపులో పుండో అలాగే ఉంటే కొన్ని నెలలకు మళ్లీ అదే సెలైన్ స్టాండు పక్కన పడుకోవాల్సి వస్తుంది.