అల్జీమర్స్: మైటోకాండ్రియా వైపు నుంచి చూస్తే

శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే. కానీ ఏ పనీ చేయకుండా కూర్చున్నా మనం వాడే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే పోతుంది. ఇంత ఖర్చు చేస్తూ కూడా అది వెనకేసుకునేది చాలా తక్కువ. నాడీకణానికి కావలసిన ఏటీపీ, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు, ఎప్పటికప్పుడు తయారు కావాల్సిందే. ఆ పని చాలావరకు కణం లోపలి శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాదే.

అయినా జ్ఞాపకశక్తిని మెల్లగా తినేసే అల్జీమర్స్ జబ్బు మీద పరిశోధన చాలాకాలం వేరే దారిలో నడిచింది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ చనిపోయిన ఒక రోగి మెదడును మైక్రోస్కోప్ కింద చూసి, కణాల బయట పేరుకున్న మచ్చల గురించీ, లోపల చిక్కుపడిన పోగుల గురించీ చెప్పాడు. మచ్చల్లో ఉన్నది అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్ అనీ, పోగుల్లో ఉన్నది టౌ అనే ప్రోటీన్ అనీ 1980ల్లో తేలింది. కంటికి కనబడే దోషి దొరికాక ఇంకొకరి మీదకి అనుమానం పోదు కదా! పైగా చిన్న వయసులోనే వంశపారంపర్యంగా వచ్చే అరుదైన రకంలో, లోపం ఉన్న జన్యువులు అమైలాయిడ్ తయారీకి సంబంధించినవే.

అమైలాయిడే దోషి అనే ఈ లెక్కలో సరిగ్గా ఇమడని విషయం, మెదడు ఇంధనం ఎంత వాడుతోందో చూపించే పెట్ స్కాన్లలో బయటపడింది. ఏపీఓఈ4 జన్యువు ఉన్నవాళ్లకి ముసలితనంలో ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లలో 20ల్లో, 30ల్లో ఉండి జ్ఞాపకశక్తి చక్కగా ఉన్నవాళ్లకి కూడా మెదడులోని కొన్ని భాగాలు గ్లూకోజ్‌ను తక్కువగా వాడుతున్నాయని 2004లో ఒక అధ్యయనం చూపించింది. అంటే జబ్బు లక్షణాలు కనబడకముందే శక్తి వాడకంలో తేడా ఉందన్నమాట.

నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం అంతకుముందు 1990ల నాటిది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకి కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా ఉంటాయి. మైటోకాండ్రియాకి 37 జన్యువులున్న సొంత డీఎన్ఏ ఉంటుంది. ల్యాబ్‌లో పెంచే కణాల్లోంచి ఆ డీఎన్ఏని తీసేసి, వాటిని రోగుల ప్లేట్‌లెట్లతో కలిపేశారు. అంటే కేంద్రకం పాతదే, మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కటే రోగిది. ఈ సంకర కణాల్లో ఏటీపీ తయారీకి అవసరమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే మైటోకాండ్రియా ఎంజైమ్ పని మందగించింది. ఆరోగ్యవంతుల ప్లేట్‌లెట్లతో చేసిన కణాలు మెరుగ్గా ఉన్నాయి. దీన్ని ఆధారం చేసుకుని పరిశోధకులు రస్సెల్ స్వెర్డ్‌లో, షహరియార్ ఖాన్ 2004లో ఒక వాదన పెట్టారు: వయసు మీదపడ్డాక వచ్చే అల్జీమర్స్‌లో మైటోకాండ్రియా చెడటమే మొదటి మెట్టు, అమైలాయిడ్ తర్వాతది. అన్ని ల్యాబ్‌లకీ ఇదే ఫలితం రాలేదు, అందుకే వాదన ఇంకా నడుస్తోంది.

అమైలాయిడే మొదటిదనే ఎదుటి పక్షానికీ బలమైన సాక్ష్యం ఉంది. అమైలాయిడ్ బీటా మైటోకాండ్రియా లోపలికే చేరి అక్కడి ప్రోటీన్లను పట్టుకుని వాటి పని చెడగొడుతుంది. టౌ సంగతీ అంతే. కణం మధ్యనుంచి దూరంగా ఉన్న సైనాప్స్‌ల (ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే చోట్ల) దాకా మైటోకాండ్రియా, కణంలో పట్టాల్లాంటి సూక్ష్మనాళికల మీదుగా ప్రయాణిస్తాయి. ఆ పట్టాలను అంటిపెట్టుకుని ఉండే టౌ గాడి తప్పితే ఆ రాకపోకలు దెబ్బతింటాయి. ఇటు శక్తి తగ్గి ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కణానికి జరిగే నష్టం) పెరిగితే అమైలాయిడ్ తయారీ ఇంకా ఎక్కువవుతుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువు ఇది. రోగి మెదడులో రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయనే నా నమ్మకం.

పాడైన మైటోకాండ్రియాను కణం మామూలుగా తనే జీర్ణం చేసుకుంటుంది. దీన్ని మైటోఫేజీ అంటారు. రోగుల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఈ శుభ్రత తగ్గిందనీ, ఎలుకల్లో దాన్ని పెంచితే జ్ఞాపకశక్తి మెరుగైందనీ 2019లో ఒక పరిశోధన తేల్చింది.

ఎలుకల్లో పనిచేసినవన్నీ మనుషుల్లో పనిచేయవు. మైటోకాండ్రియాను కాపాడుతుందని పేరుపడిన డైమెబాన్ అనే మందు మనుషుల మీద చేసిన రెండో దశ పరీక్షలో కూడా గట్టిగా నెగ్గింది, 2008లో పెద్ద ఆశలే రేపింది. తీరా 2010లో ఎక్కువమంది మీద చేసే మూడో దశలో చూస్తే దానికీ, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకీ తేడా కనిపించలేదు. కణాలకు శక్తినిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే మాత్రలకైతే ఆ మూడో దశ ముఖం చూసే పనే లేదు, వాటిని సప్లిమెంట్ల పేరుతో అమ్మేస్తారు.