నికాహ్ సంబంధాలు: నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

ముస్లిం కుటుంబాలకు సంబంధాలు చూడటం, నికాహ్‌కు ముందు అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. ఒకప్పుడు ఇది బంధువులే చూసుకునేవారు. ఎవరి ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారో మేనత్తలకు, పిన్నమ్మలకు తెలిసేది. చదువులూ ఉద్యోగాలూ కుటుంబాలను తలో దిక్కుకు తీసుకెళ్లాక ఆ దారి సన్నబడింది. యాప్‌లు వచ్చాయి, వాట్సాప్‌లో బయోడేటాలు తిరుగుతున్నాయి. కానీ ఏం అడగాలో, ఎంతవరకు మాట్లాడవచ్చో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. దాంతో ఎవరికి తోచింది వాళ్లు మతం పేరుతో చెబుతున్నారు.

అపోహ: పెళ్లికి ముందు చూసుకోవడం, మాట్లాడుకోవడం ఇస్లాంలో కుదరదు.

వాస్తవం: ప్రవక్త ముహమ్మద్ (స) అనుచరుడు ముగీరా బిన్ షుఅబా ఒక అమ్మాయిని పెళ్లాడాలనుకున్నప్పుడు, ముందు ఆమెను చూడమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. అలా చేస్తే మీ మధ్య అనురాగం కుదరడానికి వీలుంటుందన్నారు. మతం వద్దన్నది ఏకాంతాన్ని. పెద్దలకు కనబడేలా కూర్చుని పెళ్లి గురించి మాట్లాడుకోవడాన్ని కాదు.

ఇక్కడ రెండు రకాల ఇళ్లు చూస్తున్నాను. కొందరు అసలు మాట్లాడనివ్వరు. అప్పుడు పిల్లలు అర్ధరాత్రి దాకా దొంగచాటుగా చాటింగ్ చేస్తారు. మనసులు ముడిపడిపోతాయి కానీ ముఖ్యమైన ప్రశ్న ఒక్కటీ అడగరు. ఇంకొందరు పది నిమిషాలు ఇచ్చి ఎదురుగా ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నేనైతే కనీసం మూడు సార్లు కలవమంటాను. అత్తమామలతో కలిసి ఉండాలా, ఆమె ఉద్యోగం చేస్తుందా, జీతం ఎవరి చేతిలో ఉంటుంది, అప్పులున్నాయా, నమాజు విషయంలో ఇద్దరూ ఎక్కడున్నారు, ఇవన్నీ అడగమంటాను. ఒక జంటకు నికాహ్ మూడు వారాల్లో ఉందనగా సంబంధం చెడింది. పెళ్లయ్యాక ఆమె ఉద్యోగం మానేస్తుందని అతను అనుకున్నాడు, కొనసాగిస్తానని ఆమె అనుకుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అంతే. ఇలాంటివి నికాహ్ సమయంలో షరతులుగా రాసుకోవచ్చు కూడా. ఏ షరతు ఎంతవరకు చెల్లుతుందన్న విషయంలో మజ్‌హబ్‌ల (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల) మధ్య తేడాలున్నాయి కాబట్టి ఆలిమ్‌ను (మత పండితుణ్ని) అడిగి రాయించుకోండి.

అపోహ: ఎవరైనా సంబంధం గురించి వాకబు చేస్తే మంచి మాత్రమే చెప్పాలి. లోపం చెబితే గీబత్ (చాటున చెడు చెప్పడం) అవుతుంది.

వాస్తవం: దీనివల్ల జరిగిన నష్టం నేను చాలా చూశాను. ప్రవక్త (స) కాలంలో ఫాతిమా బిన్త్ ఖైస్ అనే స్త్రీకి విడాకుల ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు) ముగిశాక ఆమెకు ముఆవియా, అబూ జహమ్‌ల నుంచి సంబంధాలు వచ్చాయి. ఆమె సలహా అడిగితే, అబూ జహమ్ భుజం మీది నుంచి కర్ర దించడని (అంటే చేయి చేసుకుంటాడని), ముఆవియా దగ్గర ఆస్తి లేదని ప్రవక్త (స) సూటిగా చెప్పారు. ఉసామా బిన్ జైద్‌ను చేసుకోమన్నారు. సలహా అడిగినవారికి అవసరమైన మేరకు నిజం చెప్పడం అమానత్, అంటే మనపై పెట్టిన నమ్మకాన్ని నిలబెట్టుకోవడం. చేయి చేసుకునే అలవాటు, మత్తు, మొదటి పెళ్లి, తీవ్రమైన జబ్బు దాచిపెట్టి నికాహ్ చేయడం ఆ అమ్మాయికో అబ్బాయికో ద్రోహం చేయడమే. అయితే తౌబా (పశ్చాత్తాపం) చేసి వదిలేసిన పాత తప్పులన్నీ తవ్వి చెప్పుకోవాల్సిన పని లేదు. అల్లాహ్ కప్పి ఉంచినదాన్ని బయటపెట్టుకోవద్దనే మతం చెబుతుంది.

అపోహ: అమ్మాయి తరఫు వాళ్లు ముందు అడిగితే చులకనైపోతారు.

వాస్తవం: హజ్రత్ ఖదీజా (రజి) తానే ప్రవక్త (స)కు పెళ్లి కబురు పంపారు. హజ్రత్ ఉమర్ (రజి) భర్తను కోల్పోయిన తన కూతురు హఫ్సా సంబంధాన్ని ముందు ఉస్మాన్‌కు, తర్వాత అబూబక్ర్‌కు స్వయంగా చెప్పారు. అబ్బాయి వాళ్లు రావాలని ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేస్తున్న తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: వలీ (అమ్మాయి తరఫు సంరక్షకుడు, మామూలుగా తండ్రి) ఒప్పుకుంటే చాలు, అమ్మాయి ఇష్టం తర్వాత కుదురుతుంది.

వాస్తవం: ఖన్సా బిన్త్ ఖిదామ్‌కు ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను ప్రవక్త (స) రద్దు చేశారు. మరోవైపు, ఇప్పటి పిల్లలు కొందరు వలీ అసలు అక్కర్లేదంటున్నారు. షాఫయీ, మాలికీ, హంబలీ మజ్‌హబ్‌లలో వలీ తప్పనిసరి. హనఫీ మజ్‌హబ్‌లో వయోజనురాలైన స్త్రీ తన నికాహ్ తాను చేసుకోవచ్చు, కానీ తగిన జోడీ కాకపోతే వలీకి అభ్యంతరం చెప్పే హక్కుంది. కొత్తగా ఇస్లాం స్వీకరించిన అమ్మాయిలకు ముస్లిం వలీ లేక పెళ్లి ఆగిపోతుందన్న భయం ఎక్కువ. ఆగదు. అలాంటప్పుడు కాజీ (ముస్లిం న్యాయాధికారి), కాజీ లేనిచోట ముస్లింలు నమ్మే ఇమామ్ ఆ బాధ్యత తీసుకుంటారు.

అపోహ: ఇస్తిఖారా (నిర్ణయానికి ముందు అల్లాహ్‌ను దారి చూపమని కోరే నమాజు) చేస్తే కల రావాలి.

వాస్తవం: అవసరం లేదు. రెండు రకాతుల నమాజు చదివి దుఆ (ప్రార్థన) చేసి, విచారించి, ముందుకు వెళ్లడమే. కల రాలేదని మంచి సంబంధాలు వదులుకోకండి.

అపోహ: విడాకులైనవాళ్లు, భర్త పోయినవాళ్లు అలాంటివాళ్లనే చూసుకోవాలి.

వాస్తవం: ప్రవక్త (స) సతీమణుల్లో హజ్రత్ ఆయిషా (రజి) తప్ప అందరికీ అంతకుముందు పెళ్లయింది. అయినా మన బయోడేటాల్లో 'మొదటి పెళ్లి మాత్రమే' అన్న మాట పై వరసలో ఉంటుంది. దాని పక్కనే భాష, వంశం.

పైన చెప్పిన ఫాతిమా ఖురైష్ స్త్రీ. ఉసామా తండ్రి జైద్ బానిసత్వం నుంచి విముక్తుడైనవాడు. మొదట ఆమెకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు. ఆ పెళ్లిలో అల్లాహ్ ఎంత మేలు ఉంచాడో తర్వాత ఆమే చెప్పుకున్నారు. ఈ విషయం తెలిసిన కుటుంబాలు కూడా నా దగ్గరికి వచ్చి, అబ్బాయి స్వభావం అడగకముందే వంశం అడుగుతాయి. అందుకే నేనిచ్చే ఫారంలో ఇప్పుడు ఆ గడిని చివరి పేజీకి మార్చేశాను.