దగ్గితే చుక్క పడుతోందా? నలభై దాటిన ఆడవాళ్లలో పెల్విక్ ఫ్లోర్ గురించి అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో రకరకాలవాళ్లు ఉంటారు. మనవళ్లను చూసుకోవడానికి నెల్లూరు, గుంటూరు నుంచి మారతహళ్లి అపార్ట్‌మెంట్లకు వచ్చిన అత్తగార్లు, ఐటీలో పనిచేసే వాళ్ల కోడళ్లు, హిందూపురం, మదనపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లు. చాలామంది నడుంనొప్పితో మొదలుపెడతారు. అంతా అయిపోయి లేచాక తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఇంకొకటి మేడం..." అంటారు. అసలు వచ్చింది దానికోసమే: మూత్రం ఆగకుండా లీకవుతోందని.

అప్పటికే వాళ్లు సొంతంగా ఏవో ఏర్పాట్లు చేసుకుని ఉంటారు. నీళ్లు తగ్గించడం, గంటకోసారి బాత్రూంకి వెళ్లడం, ముదురు రంగు చీరలే కట్టుకోవడం, దూరపు పెళ్లిళ్లు మానేయడం. ఆ ఏర్పాట్లలో కొన్ని సమస్యను పెంచుతాయి. నాకు జబ్బు కంటే వీటిని మాన్పించడమే ఎక్కువ పని.

పెల్విక్ ఫ్లోర్ అంటే పొత్తికడుపు కింద ముందు ఎముక నుంచి వెనక ముడ్డిపూస దాకా అడుగున పరుచుకుని ఉండే కండరాలు. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి ఆధారంతోనే నిలబడతాయి.

అపోహ: వయసైపోయింది కదా, ఇది మామూలే

ఎక్కువమందికి వస్తుంది, నిజమే. అలాగని భరించాల్సిన పని లేదు. ముందు ఏ రకమో తేల్చుకోవాలి. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా చుక్కలు పడితే ఒక రకం. ఉన్నట్టుండి అర్జెంటుగా వచ్చి, బాత్రూం తలుపు తీసేలోపే అయిపోతే ఇంకో రకం. కొందరికి రెండూ ఉంటాయి. మొదటిదానికి కండరాల వ్యాయామం ముఖ్యం. రెండోదానికి ఆ వ్యాయామంతో పాటు మూత్రాశయానికి అలవాటు మార్పించాలి.

నెలసరి ఆగే వయసు మన దేశంలో సగటున 46, 47 దగ్గర ఉంటుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి యోని, మూత్రనాళం చుట్టూ ఉన్న పొరలు పలచబడి పొడిబారతాయి. మంట, తరచూ మూత్రం, మళ్లీ మళ్లీ ఇన్‌ఫెక్షన్ అనిపించడానికి ఇదొక కారణం. లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీముతో చాలామందికి తేడా తెలుస్తుంది. అది గైనకాలజిస్టు రాసివ్వాల్సిన మందు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

అపోహ: నీళ్లు తగ్గిస్తే లీక్ తగ్గుతుంది

ఇది మన ఆడవాళ్లందరి సొంత వైద్యం. బస్సెక్కే రోజు పొద్దున్నుంచి గుక్క నీళ్లు ముట్టరు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని ఆఫీసు వదిలే రెండు గంటల ముందు నుంచే బాటిల్ పక్కన పెట్టేస్తారు. బాత్రూం దొరకని ఊళ్లో ఆ భయం అర్థం చేసుకోగలను. కానీ నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని చిరాకుపెడుతుంది, అర్జెంటు ఇంకా పెరుగుతుంది. పైగా మలబద్ధకం వస్తుంది. రోజూ ముక్కితే ఆ ఒత్తిడంతా ఈ కండరాల మీదే పడుతుంది.

దీనికి జంట అలవాటు ఇంకొకటి: "ఎందుకైనా మంచిది, ఒకసారి వెళ్లొస్తా." మామూలుగా మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడతాయి. సగం కూడా నిండకుండానే ఖాళీ చేస్తూ పోతే, అది కొంచెం నిండినా తొందర పెట్టడం మొదలుపెడుతుంది. పగటిపూట ఆరేడుసార్లు వెళ్లడం మామూలే. గంటకోసారి వెళ్లేవాళ్లు ఒకేసారి మూడు గంటలు ఆపుకోవద్దు. ముందు పదిహేను నిమిషాలు పొడిగించండి. అర్జెంటు అనిపించగానే పరిగెత్తకుండా కూర్చుని, కింది కండరాలను నాలుగైదుసార్లు గబగబా బిగించి వదలండి. ఆ తొందర కాస్త తగ్గాక నింపాదిగా నడిచి వెళ్లండి. ఇది కుదిరాక ఇంకో పదిహేను నిమిషాలు.

నీళ్లు కాదు, తగ్గించాల్సింది కాఫీ. బెంగళూరులో ఈ మాట అంటే నన్ను శత్రువులా చూస్తారు. మొత్తం మానక్కర్లేదు, సాయంత్రం రెండో కప్పు ఆపి వారం చూడండి.

అపోహ: కెగెల్ అంటే మూత్రం పోస్తూ మధ్యలో ఆపడమే

ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో పెల్విక్ ఫ్లోర్ కండరాలను బిగించి వదిలే ఈ వ్యాయామం గురించి రాశారు. అది మనదాకా వచ్చేసరికి ఇలా కురచైపోయింది. ధార మధ్యలో ఆపడం ఏ కండరమో తెలుసుకోవడానికి ఒకటి రెండుసార్లు అయితే ఫర్వాలేదు, రోజూ చేస్తే మూత్రం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

నోటిమాటగా చెప్పించుకుని చేసిన ఆడవాళ్లలో సగం మందికే అది సరిగ్గా కుదిరిందనీ, నాలుగో వంతు మంది లీక్ పెంచే పద్ధతిలో చేశారనీ 1991లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. నా టేబుల్ మీదా అదే కనిపిస్తుంది. "బిగించండమ్మా" అనగానే కొందరు ఊపిరి బిగబట్టి, పిరుదులు, తొడలు గట్టిగా నొక్కి, కింద మాత్రం బయటికి నెడుతుంటారు. వీడియో చూసి ఏడాదిగా రోజూ చేస్తున్నామనీ చెబుతారు.

పద్ధతి ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో గ్యాస్ రాకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి, ముందు మూత్రద్వారం దాకా లోపలికీ పైకీ లాగండి. ఊపిరి మామూలుగా ఆడాలి. పిరుదులు, తొడలు కదలకూడదు. మొదట్లో మూడు సెకన్లు పట్టి ఉంచితే చాలు, నెమ్మదిగా పదికి పెంచండి. తర్వాత అంతే సేపు పూర్తిగా వదలండి. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. పడుకుని కుదిరాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయండి. అనుమానంగా ఉంటే చిన్న అద్దం పెట్టుకుని చూసుకోండి: యోనికీ మలద్వారానికీ మధ్య చోటు లోపలికి వెళ్లాలి, బయటికి ఉబ్బకూడదు. సిగ్గుపడే పనేం లేదు, మీ ఒళ్లే.

దగ్గు వచ్చే ముందు క్షణంలో బిగించి, దగ్గయ్యేదాకా వదలకుండా ఉండడం కూడా నేర్చుకోండి. బలం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ ఒక్క చిట్కాతోనే కొందరికి కొద్ది రోజుల్లో చుక్కలు తగ్గుతాయి.

అపోహ: ఎంత ఎక్కువ బిగిస్తే అంత మంచిది

వదలడం రాని కండరం కూడా జబ్బు కండరమే. పిడికిలి రోజంతా బిగించి ఉంచితే చెయ్యి నొప్పి పుట్టినట్టే ఇదీను. కలయికలో నొప్పి, ముడ్డిపూస దగ్గర పోటు, మూత్రం మొదలవడానికి ఆలస్యం, ఎంత ముక్కినా మలం సాఫీగా రాకపోవడం ఉన్నవాళ్లు కెగెల్ చేస్తే ఇంకా బాధపడతారు. వాళ్లకు ముందు పొట్టలోకి నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కండరాన్ని వదులు చేయడం నేర్పిస్తాం. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద పొట్టి పీట వేసుకోవడం కూడా ఇందులో భాగమే.

అపోహ: గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది

దీని మీద నాకు కోపం ఎక్కువ. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ముప్పైల్లోనే చేయించుకున్నవాళ్లు నా దగ్గరికి నలభైల్లో లీక్‌తో వస్తారు. మూత్రం ఆపేది గర్భసంచి కాదు, అది తీసేసినంత మాత్రాన లీక్ ఆగదు. తీశాక యోని పైభాగం కిందికి జారే అవకాశమూ ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. కొన్ని జబ్బుల్లో ఆపరేషన్ తప్పదు, అది వేరే మాట.

గర్భసంచి కాస్త జారినవాళ్లకు వ్యాయామంతో బరువుగా లాగే బాధ తగ్గవచ్చు. ఎక్కువ జారితే, ఆపరేషన్ వద్దనుకుంటే పెస్సరీ అనే సిలికాన్ రింగు పెట్టించుకోవచ్చు. అది ఉందన్న సంగతే చాలామందికి ఎవరూ చెప్పరు.

అపోహ: సిజేరియన్ అయింది కాబట్టి నాకు రాదు

తక్కువ రావచ్చు, రాదని లేదు. తొమ్మిది నెలల బరువు మోసింది ఈ కండరాలే. ఆ తర్వాత పెరిగిన ఒళ్లు, దీర్ఘకాలం దగ్గు, మలబద్ధకం ఎవరినీ వదలవు.

అపోహ: బరువులు ఎత్తకూడదు, ఎక్సర్‌సైజు మానేయాలి

ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఇరవై కేజీలు. ఊపిరి బిగబట్టి నడుం వంచి ఒక్క ఊపున ఎత్తడమే చేటు. క్యానును ఒంటికి దగ్గరగా లాక్కుని, మోకాళ్లు వంచి, ముందు కింద బిగించి, ఊపిరి వదులుతూ లేవండి. జారిన గర్భసంచి ఉన్నవాళ్లు క్యాను పనిని ఇంట్లో మగవాళ్లకు అప్పగించండి, అందులో ఆలోచించడానికేం లేదు. వాకింగ్ మానక్కర్లేదు. ఒళ్లు ఎక్కువ ఉన్నవాళ్లు అయిదు నుంచి పది శాతం తగ్గినా లీక్‌లో తేడా కనిపిస్తుంది. అయితే రోజూ లాల్‌బాగ్ చుట్టూ తిరిగినా ఈ కండరానికి విడిగా పని చెప్పాల్సిందే.

ఒక్కోసారి కారణం మందుల డబ్బాలో ఉంటుంది. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవాళ్లలో కొందరికి పొడి దగ్గు వస్తుంది, దగ్గుతో లీక్. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ వాడితే మూత్రం ఎక్కువ వస్తుంది. మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకి చెప్పి మార్పించుకోండి.

మూత్రంలో రక్తం, నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తస్రావం, జ్వరంతో మంట ఉంటే వ్యాయామం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

మిగతావాళ్లు వచ్చేటప్పుడు మూడు రోజుల లెక్క రాసుకుని రండి. ఎన్ని గంటలకు ఏం తాగారు, ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత వచ్చింది, ఎప్పుడు లీకైంది. కొలవడానికి గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూంలో విడిగా పెట్టుకోండి. వాడే మందుల చీటీ కూడా తీసుకురండి.