బస్తా ముందు వైపు కాదండీ, వెనక వైపు చూడండి: డ్రై డాగ్ ఫుడ్ అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరు చెర్రీ అనే లాబ్రడార్ కుక్కని తీసుకొచ్చారు. బల్ల మీదకి ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. ఎనిమిది నెలల కిందట మా కార్డులో 29 కిలోలు రాసుంది, ఇప్పుడు కాటా 35 చూపిస్తోంది. పక్కటెముకల మీద చెయ్యి పెడితే ఎముక తగలట్లేదు, వేళ్ళు మెత్తగా లోపలికి దిగిపోతున్నాయి. ఆవిడైతే దాదాపు ఏడుపు గొంతుతో, "ఏమీ ఎక్కువ పెట్టట్లేదు డాక్టర్ గారూ, అదే స్టీలు గ్లాసు, పొద్దున ఒకటిన్నర రాత్రి ఒకటిన్నర, థైరాయిడ్ ఏమో అనిపిస్తోంది" అన్నారు. టెస్ట్ చేశాం, నార్మలే. గ్లాసు మారలేదు, కొలత మారలేదు, మరి మారిందేంటి అంటే ఫుడ్. "పాతదాంట్లో ప్రోటీన్ 22 శాతమేనండీ, 26 ఉన్నది మంచిదని గ్రూపులో చెప్పారు, కిలో 280 ది మానేసి 420 ది తెస్తున్నాం, పిల్ల కోసమే కదా అని."

ఈ మాట నేను వారానికి రెండు మూడు సార్లు వింటాను. అందుకే ఇది కూర్చుని రాస్తున్నా.

అపోహ: ప్రోటీన్ శాతం ఎక్కువ ఉన్నదే మంచి ఫుడ్.

చెర్రీ వాళ్ళకి ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక వేసి చూపించిన లెక్కే ఇక్కడ పెడతాను, మీరూ మీ బస్తా పక్కన పెట్టుకుని చేయండి. పాత ఫుడ్: ప్రోటీన్ 22, ఫ్యాట్ 10, ఫైబర్ 4, తేమ 10. కొత్తది: ప్రోటీన్ 26, ఫ్యాట్ 20, ఫైబర్ 3, తేమ 9. యాష్, అంటే కాలిస్తే మిగిలే ఖనిజాల బూడిద, ఎంతో బస్తా మీద చాలామంది వేయరు, వేయకపోతే 8 అనుకోండి, డ్రై ఫుడ్‌కి దగ్గరగానే ఉంటుంది. ఇవన్నీ కూడి 100లోంచి తీసేస్తే మిగిలేది కార్బ్స్. పాతదాంట్లో 46, కొత్తదాంట్లో 34. ఇప్పుడు ప్రోటీన్‌ని 3.5తో, ఫ్యాట్‌ని 8.5తో, కార్బ్స్‌ని 3.5తో గుణించి కలపండి, 100 గ్రాముల్లో ఎన్ని కేలరీలో వస్తుంది. పాతది 323, కొత్తది 380. అంటే కిలోకి 3230, 3800.

అసలు విషయం ఇక్కడుంది. కుక్క తినేది కిలోల లెక్కన కాదు, కేలరీల లెక్కన. ఎక్కువ కేలరీలున్న ఫుడ్ తక్కువ పెట్టాలి, తక్కువ పెడితే దాంతో పాటు లోపలికెళ్ళే ప్రోటీన్ కూడా తగ్గుతుంది. కాబట్టి పోల్చాల్సింది 1000 కేలరీలకి ఎన్ని గ్రాముల ప్రోటీన్ వస్తోంది అని. పాతది 220ని 3.23తో భాగిస్తే 68 గ్రాములు. కొత్తది 260ని 3.8తో భాగిస్తే అదీ 68 గ్రాములే. ఆ నాలుగు శాతం తేడా ఎక్కడికి పోయిందని ఆయన మళ్ళీ మళ్ళీ కాగితం చూసుకున్నారు. ఎక్కడికీ పోలేదండీ, మొదటి నుంచీ లేదు. పెరిగింది ఫ్యాట్ ఒక్కటే, 1000 కేలరీలకి 31 గ్రాముల నుంచి 53కి. అమెరికాలో జంతువుల ఫుడ్‌కి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో (AAFCO) ప్రకారం పెద్ద కుక్కకి 1000 కేలరీలకి ప్రోటీన్ కనీసం 45 గ్రాములు, ఎదిగే పిల్లకి 56 ఉండాలి. రెండు బస్తాలూ దాన్ని దాటేశాయి, చెర్రీకి పాతదాంట్లో ఏ లోటూ లేదు.

ఇక గ్లాసు సంగతి. ఆ మూడు గ్లాసులూ తూకం వేస్తే రోజుకి 350 గ్రాములు. పాత ఫుడ్‌తో 1130 కేలరీలు, కొత్తదాంతో 1330. రోజుకి 200 ఎక్కువ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఫ్లాట్‌లో ఉండే కుక్కకి, ఎనిమిది నెలలు. ఆరు కిలోలు అక్కణ్ణుంచే వచ్చాయి. మీ తప్పు కాదమ్మా అని చెప్పాను, నిజంగానే కాదు, ప్రేమతో ఎక్కువ డబ్బు పెట్టి మంచిదనుకునే కొన్నారు, బస్తా ముందు వైపు పెద్దక్షరాల్లో ఉన్న నంబర్ చూసి ఎవరైనా అదే అనుకుంటారు. కానీ లాబ్‌కి ఆ బరువు చిన్న విషయం కాదు. 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా చేసి, ఒకదానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి బతికినన్నాళ్ళూ గమనించారు, ప్యూరినా అనే పెట్ ఫుడ్ కంపెనీ వాళ్ళ స్టడీ, 2002లో వచ్చింది. సన్నగా ఉన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా మొదలయ్యాయి. రెండేళ్ళంటే కుక్క బతుకులో ఎంతో పెంచుకునేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఎంత పెట్టాలో తెలియక కంగారు పడేవాళ్ళ కోసం: ఊరికే పడుకున్నా ఒంటికి కావాల్సిన కేలరీలు 10 కిలోల కుక్కకి 394, 20 కిలోలకి 662, 30 కిలోలకి 897. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి దాన్ని 1.6తో గుణిస్తారు, కానీ ఇంట్లోనే ఉండేవాటికి అది కూడా ఎక్కువే అవుతుంది చాలాసార్లు, పదిహేను రోజులకోసారి బరువు చూస్తూ తగ్గించుకోవాలి. చెర్రీకి 29 కిలోల లెక్కన 875 కేలరీలు పెట్టాం. వాళ్ళ కొత్త ఫుడ్‌లోనే 230 గ్రాములు, గ్లాసుతో కాదు, వంటింటి కాటా మీద. బస్తా పారేయమని చెప్పలేదు, ఆ ఫుడ్‌లో దోషం లేదు. ధర కూడా ఇలాగే చూడాలండీ, కిలోకి చూస్తే 280, 420 అంటే ఒకటిన్నర రెట్లు, 1000 కేలరీలకి చూస్తే 87 రూపాయలు, 111 రూపాయలు. ఖరీదైనది తక్కువ పెడితే మనం భయపడినంత ఖరీదు కాదు, అంతే కొలత పెడితే మాత్రం డబ్బూ పోతుంది, ఒళ్ళూ వస్తుంది.

ఇంకొకటి, ఆ శాతం పక్కన "క్రూడ్" అని ఉంటుంది చూశారా. ల్యాబ్‌లో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు, నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. ఆ నైట్రోజన్ మాంసంలోంచి వచ్చిందా, ఈకల్లోంచి వచ్చిందా, అరిగేదా అరగనిదా అనేది ఆ నంబర్ చెప్పదు. మాది అనపర్తి దగ్గర, నాన్న లేయర్ కోళ్ళ ఫారం నడిపేవారు. మేతకి మొక్కజొన్న, నూకలు, తవుడు, సోయా చెక్క, ఎండుచేపల పొడి లారీలో దిగేవి. నాన్న చేపల పొడి గుప్పిట్లో తీసుకుని వాసన చూసి, కాస్త నీళ్ళలో వేసి చూసి గానీ దింపనిచ్చేవారు కాదు, ఎందుకంటే అందులో యూరియా కలిపేస్తే ల్యాబ్ రిపోర్ట్‌లో ప్రోటీన్ ఎక్కువ కనపడుతుంది, కోడికి మాత్రం పనికిరాదు. 2007లో అమెరికాలో కుక్కల, పిల్లుల ఫుడ్‌లో జరిగింది కూడా ఇదే బాపతు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు, నైట్రోజన్ ఎక్కువ చూపించడానికి, కిడ్నీలు పాడై ఎన్నో చనిపోయాయి. ఒక కోళ్ళ రైతు కోడి మేతలో ఎనర్జీ ఎంత, కాల్షియం ఎంత, కిలో గుడ్లకి ఎంత ఖర్చు అని చూసి కొంటాడు, ఇంట్లో బిడ్డలా చూసుకునే కుక్కకి మాత్రం మనం బొమ్మ చూసి, ముందు వైపు నంబర్ చూసి కొంటున్నాం, నాకు బాధగా ఉండేది అదే.

అపోహ: మొదటి ఇంగ్రీడియెంట్ చికెన్ అయితే అది చికెన్ ఫుడ్.

ఇంగ్రీడియెంట్లు బరువు ప్రకారం రాస్తారు, వండక ముందు బరువు. పచ్చి చికెన్‌లో 70 శాతం దాకా నీళ్ళే. వంద కిలోల పిండిలో పచ్చి చికెన్ 25 కిలోలు, బియ్యం 20, మొక్కజొన్న 20 వేశారనుకోండి, చికెన్ పేరే ముందొస్తుంది, నీళ్ళు పోయాక మిగిలేది ఏడెనిమిది కిలోలు, బియ్యం, మొక్కజొన్న చెరో 18 దాకా మిగులుతాయి. అదే "చికెన్ మీల్" అని రెండో స్థానంలో ఉన్నది ముందే నీళ్ళు తీసేసిన పొడి, మాంసం ప్రోటీన్ దాంట్లోంచే ఎక్కువ రావచ్చు. బియ్యం, నూకలు, తవుడు అని మూడు పేర్లుగా విడగొట్టి రాస్తే ఒక్కోటీ కిందకి పోతుంది, కలిపితే చికెన్‌ని మించిపోతుంది. కాబట్టి ఆ వరస చూసి ఫుడ్‌కి మార్కులేయకండి. బై-ప్రొడక్ట్ అనగానే మొహం చిట్లిస్తారు, కార్జం, కందనకాయ, బోటి మనం ఆదివారం ఇష్టంగా వండుకునేవే.

గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యాలు లేని ఫుడ్, సంగతి తొందరగా చెప్పేస్తా. కుక్క తోడేలు కాదు, పిండి పదార్థం అరిగించుకునే జీన్ కాపీలు తోడేలు కంటే కుక్కకి చాలా ఎక్కువ అని 2013లోనే తేలింది. అన్నం, మొక్కజొన్న ఉడికితే బాగానే అరుగుతాయి. బఠాణీలు, పప్పులు ఎక్కువ ఉన్న గ్రెయిన్ ఫ్రీ ఫుడ్స్ తిన్న కుక్కల్లో గుండె కండరం జబ్బు వస్తోందేమో అని 2018లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, కారణం అదేనని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. పెట్టేవాళ్ళు భయపడి అర్ధరాత్రి ఫోన్ చేయక్కర్లేదు, కానీ గోధుమ పడదని రుజువు లేకుండా దానికి డబుల్ రేటు పెట్టే అవసరం నాకు కనపడదు. ప్రోటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయనేదీ ఆరోగ్యంగా ఉన్న కుక్క విషయంలో నిజం కాదు, ఆల్రెడీ కిడ్నీ జబ్బున్న దానికి చూడాల్సింది ముఖ్యంగా ఫాస్ఫరస్. "పెడిగ్రీ వేడి చేస్తుంది" అని ఏ కంపెనీ డ్రై ఫుడ్‌నైనా కలిపి అంటుంటారు, పెరుగన్నం నుంచి ఒక్కరోజులో మార్చేస్తే విరేచనాలవుతాయి, దాన్ని వేడి అంటున్నారు. వారం పది రోజులు కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి, తాగే నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. గోక్కోగానే చికెన్ ఎలర్జీ అని ఫుడ్ మార్చేసేవాళ్ళకి ఒకటే మాట, ముందు చెవుల వెనకా, కాలివేళ్ళ మధ్యా గోమార్లు ఉన్నాయేమో చూడండి. నిజంగా ఫుడ్ ఎలర్జీయేనా అని తేల్చాలంటే ఎనిమిది వారాలు ఒకే రకం ట్రయల్ డైట్ పెట్టాలి, బిస్కెట్ ముక్క కూడా లేకుండా.

కాల్షియం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ప్రేమతోనే పిల్లల కాళ్ళు వంకర చేస్తున్నారు. రాట్‌వీలర్, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ పిల్లని కొనగానే, ఎముకలు బలంగా ఉండాలని మంచి పప్పీ ఫుడ్ పెడుతూ దాని మీద కాల్షియం సిరప్ పోస్తారు. ఆరు నెలల్లోపు పిల్లకి ఎక్కువైన కాల్షియంని పేగు దగ్గరే ఆపేసే శక్తి సరిగ్గా ఉండదు, వచ్చింది వచ్చినట్టు లోపలికి పోతుంది. నెదర్లాండ్స్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో ఎముకల్ని పాడుచేసింది ప్రోటీన్ కాదు, ఎక్కువైన కాల్షియమే అని తేలింది. పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతి అయితే తేమ తీసేసిన లెక్కలో ఫుడ్‌లో కాల్షియం 1.2 నుంచి 1.8 శాతం మధ్య ఉండాలి. సరైన పప్పీ ఫుడ్‌లో అది ఉంటుంది, పైన ఏమీ పోయకండి. నిరుడు ఐదు నెలల రాట్‌వీలర్ పిల్ల వచ్చింది, ముందు కాళ్ళు మణికట్టు దగ్గర బయటికి తిరిగిపోయి, ఫుడ్‌తో పాటు రెండు రకాల కాల్షియం, పైగా రోజూ గుడ్డు పెంకుల పొడి. వాళ్ళింట్లో ముసలాయన "నేనే పోశానయ్యా" అని దాని తల నిమురుతూ కూర్చున్నారు. అన్నీ ఆపేశాం, కొంత సర్దుకుంది, పూర్తిగా కాదు. ఉట్టి చికెన్ అన్నం మీదే పెంచే పిల్ల సంగతి వేరు, దానికి కాల్షియం నిజంగానే తక్కువవుతుంది, అలాంటప్పుడు డోసు డాక్టర్‌ని అడిగి వేయండి.

లూజు ఫుడ్ ఒకటి. షాపులో బస్తా విప్పి కిలో అరకిలో కవర్లో కట్టిస్తున్నారు, పదిరవై రూపాయలు తగ్గుతుందని తెచ్చుకుంటారు. అందులో ఏముందో, ఎప్పుడు విప్పారో, ఎక్స్‌పైరీ ఎప్పుడో ఏదీ తెలియదు, మన కోస్తా ఉక్కకి తేమ పట్టి బూజొస్తుంది, ఫ్యాట్ పాడై కంపు కొడుతుంది. దాన్ని దేంతోనూ పోల్చడానికి లేదు. డబ్బులు తక్కువైతే సిగ్గుపడకుండా చిన్న ప్యాకెట్ కొనండి, సీల్ ఉన్నది. ఇంపోర్టెడే కొనాలని కూడా లేదు, పెడిగ్రీ తయారయ్యే ఫ్యాక్టరీ మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది.

"అయితే ఏ బ్రాండ్ కొనాలి డాక్టర్ గారూ" అని అడుగుతూ వాట్సాప్‌లో బస్తా ముందు వైపు ఫొటో పంపిస్తారు, దాంట్లో కుక్క బొమ్మ తప్ప నాకు పనికొచ్చేదేమీ కనపడదు. వెనక వైపు తీయండి, ప్రోటీన్, ఫ్యాట్, ఫైబర్, తేమ, కాల్షియం ఉన్న పట్టిక, కేలరీలు వేస్తే ఆ లైను, ఏ వయసు కుక్కకో రాసిన లైను. దాంతో పాటు మీ కుక్కని నిలబెట్టి పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. రోజుకి ఎంత పెడుతున్నారో గ్రాముల్లో రాయండి.