లక్షణ గ్రంథంలో మిగిలిన దేవతలు: నార్స్ పురాణం నేటి కథల్లోకి వచ్చిన దారి

ఐస్లాండ్‌కు చెందిన స్నోర్రి స్టుర్లుసన్ అనే కవి 1220 ప్రాంతంలో ఒక లక్షణ గ్రంథం రాశాడు. కవిత్వం నేర్చుకోవాలనుకునే కుర్రకవుల కోసం రాస్తున్నానని అందులోనే చెప్పుకున్నాడు. దాని చివరి భాగం పూర్తిగా ఛందస్సు. రమారమి వంద పద్యరీతులకు స్వయంగా ఉదాహరణ పద్యాలు కట్టి చూపించాడు. అంతకు ముందున్న భాగం పాత కవులు వాడిన సంకేత పదబంధాల వివరణ. ఆ పదబంధాల వెనక ఉన్న కథలు తెలియకపోతే వాటికి అర్థమే ఉండదు కాబట్టి, పాఠం చెప్పే క్రమంలో ఆయన దేవతల కథలన్నీ ఎత్తుకోవలసి వచ్చింది. ఓడిన్, థోర్, లోకి, బాల్డర్ పేర్లతో నేటి నవలలు, సినిమాలు, వీడియో గేమ్‌లు వాడుకుంటున్న కథాసామగ్రిలో పెద్ద భాగం ఈ విధంగా ఒక కవిత్వ పాఠానికి తోడుగా మిగిలినదే. నార్స్ పురాణాన్ని, అంటే స్కాండినేవియా, ఐస్లాండ్‌ల పాత దేవతల కథలను, ఆధారం చేసుకుని కథ రాయదలచిన వారు మొదట గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఇదని నా నమ్మకం.

ఆ పాఠం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. బంగారాన్ని ‘సిఫ్ జుట్టు’ అని ఎందుకంటారు? సిఫ్ థోర్ భార్య. లోకి అల్లరికి ఆమె జుట్టంతా కత్తిరించి పారేశాడు. థోర్ అతడిని పట్టుకుని ఎముకలన్నీ విరగ్గొడతానంటే, మరుగుజ్జు కమ్మరుల చేత నెత్తిన పెట్టగానే మామూలు జుట్టులా పెరిగే బంగారు జుట్టు చేయించి తెస్తానని ఒట్టు పెట్టాడు. ఆ కమ్మరులు ఆ జుట్టుతో పాటు ఓడిన్ ఈటెనూ చేసి ఇచ్చారు. ఆ వెంటనే లోకి కాసిన పందెం వల్ల మరో ఇద్దరు మరుగుజ్జుల కొలిమిలో థోర్ సుత్తి తయారైంది. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ సుత్తి పుట్టుక, ‘బంగారానికి ఇన్ని పేర్లెందుకు’ అనే ప్రశ్నకు జవాబుగా మనకు దక్కింది.

స్నోర్రి క్రైస్తవుడు. ఆయనకు రెండు శతాబ్దాల ముందే, 1000 ప్రాంతంలో, ఐస్లాండ్ ప్రజాసభ ఆల్తింగ్ క్రైస్తవాన్ని దేశ ధర్మంగా అంగీకరించింది. రెండు పక్షాలూ కత్తులు దూసే దాకా వచ్చిన ఆ వేళ, తీర్పు చెప్పవలసిన ధర్మవక్త థోర్గేయిర్ ఒక పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని మౌనంగా పడుకుని, లేచి, అందరికీ ఒకే చట్టం ఉండాలని చెప్పాడని పాత చరిత్రకారులు రాశారు. అప్పటి నుంచి పాత దేవతలు పూజకు దూరమై కవుల నోళ్లలోనే బతికారు. స్నోర్రి తన గ్రంథం ముందుమాటలో ఈ దేవతలు నిజానికి ట్రాయ్ నగరం నుంచి ఉత్తరాదికి వలస వచ్చిన రాజులనీ, ఆ దేవతల కులానికున్న ‘ఏసిర్’ అన్న పేరు ఆసియా అన్న మాట నుంచే వచ్చిందనీ రాశాడు. ఆయన మనకిచ్చింది పూజారి చెప్పిన మంత్రపాఠం కాదు. పాత కథలను ప్రేమించిన ఒక క్రైస్తవ పండితుడు తన కాలానికి తగినట్టు కూర్చిన కథనం.

రెండో ఆధారం కోడెక్స్ రెజియస్ అనే రాతప్రతి. 1270 ప్రాంతంలో ఎవరో పేరు తెలియని లేఖకుడు పాత దేవతల పాటలను, వీరుల పాటలను దూడచర్మం మీద ఎక్కించాడు. ఇప్పుడు మిగిలినవి 45 ఆకులు. అరచేతి కన్నా కొంచెం పెద్దవి. 1643లో ఐస్లాండ్‌లోని స్కాల్‌హోల్ట్ బిషప్ బ్రిన్యోల్ఫుర్ స్వేయిన్సన్ చేతికి వచ్చేదాకా దాని ఊసు ఎవరికీ పట్టలేదు. ఆయన మొదటి పుటలో తన గుర్తూ ఆ ఏడూ వేసుకుని, 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా పంపించాడు. కోడెక్స్ రెజియస్ అంటే లాటిన్‌లో రాజుగారి పుస్తకం, ఆ పేరు అలా వచ్చింది. మూడు శతాబ్దాలు కోపెన్‌హాగన్‌లో ఉన్న ఆ ప్రతి 1971 ఏప్రిల్ 21న డేనిష్ నౌకలో రేక్యవిక్ చేరినప్పుడు రేవులో వేలాది మంది ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఒక దేశం తన పుస్తకం కోసం అలా రేవుకు వెళ్లి నిలబడటం నాకు ఎప్పుడు తలచుకున్నా గుండె నింపుతుంది.

ఈ రెండింటికి అవతల మరో గొంతు ఉంది. 1200 ప్రాంతంలో డెన్మార్క్ చరిత్రను లాటిన్‌లో రాసిన సాక్సో గ్రమాటికస్ కూడా బాల్డర్ కథ చెప్పాడు. స్నోర్రి చెప్పిన కథలో బాల్డర్ అందరికీ ఇష్టుడైన దేవుడు. అతనికి హాని చేయబోమని తల్లి ఫ్రిగ్ సృష్టిలోని ప్రతి వస్తువు చేతా ఒట్టు వేయించుకుంది, మరీ చిన్నదని మిజల్‌టో మొక్కను మాత్రం వదిలేసింది. లోకి ఆ మొక్క పుల్లను గుడ్డివాడైన హోడ్ చేతిలో పెట్టి విసిరించాడు. సాక్సో చెప్పిన కథలో మిజల్‌టో లేదు, లోకి లేడు. బాల్డర్ నన్నా అనే యువతి మీద మోహంతో కుమిలిపోయే యోధుడు, హోడ్ చూపున్న వీరుడూ అతనికి పోటీదారూ. చావు ఒక ప్రత్యేకమైన కత్తి వల్ల వచ్చింది. ఒకే మరణం, ఇరవై ఏళ్ల తేడాలో రాసిన ఇద్దరి చేతుల్లో ఇంత వేరుగా ఉంది. ‘అసలు కథ’ను చెడగొట్టారని నేటి రచయితను నిందించేవారు ఈ రెండింటిలో ఏది అసలో ముందు తేల్చి చెప్పవలసి ఉంటుంది. మార్చడం ఈ సంప్రదాయంలో తప్పు కాదు. ఎవరు మార్చినదాన్ని తీసుకుంటున్నామో తెలియకపోవడమే తప్పు.

పుస్తకాల బయట మిగిలింది కొద్దిగానే. స్కాండినేవియాలో థోర్, ఓడిన్, ఫ్రేయ్ పేర్లతో ఊళ్లున్నాయి. లోకి పేరుతో ఊరు లేదు, అతనికి పూజ జరిగిందన్న ఆనవాలూ లేదు. వారాల పేర్లలోనూ ఆ దేవతలు నిలిచారు. రోమన్ల గ్రహవారాలను జర్మానిక్ జాతులు తమ దేవతలతో మార్చుకున్నప్పుడు బుధుడి చోట ఓడిన్‌ను, గురుడి చోట థోర్‌ను పెట్టుకున్నారు. ఆ గ్రహాల వరసే మన దాకా కూడా వచ్చింది గనుక ఇంగ్లీషువాళ్లు ఓడిన్ పేరుతో పిలిచే రోజు మనకు బుధవారం, థోర్ పేరుతో పిలిచే రోజు గురువారం.

ఆధునిక సాహిత్యంలోకి ఈ కథలు రావడానికి 1750లలో పాల్ ఆన్రీ మాలే ఫ్రెంచిలో రాసిన గ్రంథాలు దారి వేశాయి. తరువాతి శతాబ్దంలో ఇంగ్లీషు కవి విల్యమ్ మోరిస్, ఐస్లాండ్ పండితుడు ఎయిరీకుర్ మాగ్నుసన్‌తో కలిసి వోల్సుంగ సాగాను (వీరుడు సిగుర్డ్ వంశం గురించిన పాత వచన కథ) 1870లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందరికన్నా బలమైన ముద్ర మాత్రం జర్మన్ సంగీతకారుడు వాగ్నర్‌ది. 1876లో బైరాయిట్‌లో ఆయన సంగీత నాటకాల వరస మొత్తం తొలిసారి ప్రదర్శించినప్పుడు కార్ల్ ఎమిల్ డోప్లర్ వేయించిన దుస్తులు, శిరస్త్రాణాలే వైకింగ్ టోపీకి కొమ్ములను స్థిరపరిచాయి. నార్వేలోని యెర్ముండ్‌బులో 1943లో దొరికిన నిజమైన వైకింగ్ శిరస్త్రాణానికి కొమ్ముల్లేవు. వాగ్నర్ నాటకాల వరసలో చివరి దాని పేరు ‘దేవతల మునిమాపు’ అని అర్థమిస్తుంది. వోలుస్పా అనే పాత పాటలో ఉన్న ‘రాగ్న రోక్’ అంటే దేవతల గతి, దేవతల విధి. స్నోర్రి ‘రోక్కర్’ అన్న రూపం వాడటంతో అది మునిమాపు అయింది. ఒక పదం కొస మారితే ఒక యుగాంతం రంగు మారిపోయింది.

ఇక్కడే చీకటి పుట కూడా ఉంది. ఆస్ట్రియాకు చెందిన గ్విడో ఫన్ లిస్ట్ 1908లో తనకు తానుగా పేర్చుకున్న 18 రూన్ అక్షరాల (ఉత్తరాది పాత లిపి) పద్ధతిని ప్రాచీన జ్ఞానమని ప్రచారం చేశాడు, నాజీ ఎస్.ఎస్. దళం గుర్తు ఆ వరసలోని అక్షరం నుంచే వచ్చింది. ఉత్తరాది సాహిత్యాన్ని జీవితాంతం బోధించిన ఇంగ్లీషు రచయిత టోల్కిన్ 1941లో కొడుక్కి రాసిన ఉత్తరంలో, తాను ప్రేమించిన ఆ ఉత్తరాది ఆత్మను హిట్లర్ చెరిచాడని మండిపడ్డాడు. ఈ అక్షరాలను అలంకారంగా పుస్తకం అట్ట మీద వేసే రచయిత ఈ పుట చదవకుండా వేయకూడదు.

అదే టోల్కిన్ ఎలా అప్పు తెచ్చుకున్నాడో చూడటం రాసేవారికి మేలు చేస్తుంది. వోలుస్పాలో మరుగుజ్జుల పేర్ల జాబితా ఒకటి ఉంది. చాలామంది పాఠకులు దాటేసే ఆ పద్యాల నుంచి థోరిన్, ద్వాలిన్, బొంబూర్ వంటి పేర్లు తీసుకుని ఆయన 1937లో అచ్చయిన తన పిల్లల నవల ‘ది హాబిట్’లో పెట్టాడు. గాండాల్ఫ్ పేరు కూడా ఆ జాబితాలోదే. తొలి చిత్తుప్రతిలో అది మరుగుజ్జుల నాయకుడి పేరు, మాంత్రికుడికి ఇంకో పేరు ఉండేది. ఆ పేరులో దండం, ఆల్ఫ్ (ఇంగ్లీషులో ఎల్ఫ్ అనే మాయాజీవి) అనే రెండు మాటలున్నాయి. చేతికర్ర పట్టుకుని తిరిగే ముసలి మాంత్రికుడికి చివరకు అది చేరడం వెనక ఆ అర్థమే పనిచేసిందని నేను అనుకుంటాను. ఆయన పురాణంలోని సంఘటనలను ఎత్తి పెట్టుకోలేదు. ఒక మాట లోపలికి వెళ్లి అక్కడి నుంచి మనిషిని తయారు చేసుకున్నాడు.

తెలుగు ప్రేక్షకులకు థోర్ ఎక్కువగా తెరమీది డబ్బింగ్ గొంతుతోనే పరిచయం. ఆ రూపానికి మూలం 1962లో మొదలైన అమెరికన్ కామిక్. పాత సాగాల్లో థోర్‌ది ఎర్ర గడ్డం. కామిక్‌లో నున్నటి గడ్డం, పసుపుపచ్చ జుట్టు. తెర మీద లోకి థోర్‌కు పెంపుడు తమ్ముడు. లోకసెన్నా అనే పాటలో అతడు ఓడిన్‌తో రక్తం కలుపుకున్న సహోదరుడు, అంటే థోర్‌కు తండ్రి వరస. పాతాళాన్ని ఏలే హెల్ 2017 సినిమాలో ఓడిన్ కూతురు, స్నోర్రి దగ్గర లోకి కూతురు. సినిమావాళ్లు తప్పు చేశారని నేను అనను. ఆ సినిమా చూసి నవల రాస్తే మాత్రం వాడుకుంటున్నది ఒక సంస్థ హక్కులున్న కల్పనను, 13వ శతాబ్దపు కథను కాదు. ఎవరి అనుమతీ అక్కరలేని పాత పాటలు, మంచి ఇంగ్లీషు అనువాదాలతో, పక్కనే ఉన్నాయి.

ఈ దేవతలకు ఇప్పుడు భక్తులెవరూ లేరనుకోవడం కూడా సరికాదు. పాత దేవతలను కొలిచే సంఘం ఒకటి ఐస్లాండ్‌లో 1972లో ఏర్పడి, మరుసటి ఏడాది ప్రభుత్వ గుర్తింపు పొందింది. రామాయణ పాత్రలతో కథ రాసేటప్పుడు మనం ఎదుటి మనిషి నమ్మకాన్ని ఎలా తలచుకుంటామో, అక్కడా అలా తలచుకోవలసిన మనుషులున్నారు.

ఇంత జరిగినా మూలంలో ఒక ఖాళీ అలాగే ఉంది. కోడెక్స్ రెజియస్‌లో 32వ ఆకు తరువాత ఎనిమిది ఆకులు లేవు. డ్రాగన్‌ను చంపిన సిగుర్డ్ పాటలు ఉండవలసిన చోటది. వోల్సుంగ సాగా వచనంలో ఆ కథ సారం దొరుకుతుంది. టోల్కిన్ 1930లలో ఆ కథను పాత ఛందస్సులోనే తన సొంత పద్యాలుగా కట్టాడు, అవి ఆయన పోయాక 2009లో అచ్చయ్యాయి. చర్మం మీద మాత్రం, నిద్ర లేచిన వీరకన్య సిగుర్డ్‌కు బుద్ధులు చెబుతూ చెబుతూ పద్యం మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడున్న తరువాతి ఆకు మీద ఇంకో పాట నడుమ నుంచి మొదలవుతుంది. అప్పటికి సిగుర్డ్‌ను చంపాలన్న మాటలు నడుస్తున్నాయి.