కూపన్ నుంచి జెర్సీ దాకా: పందెం ప్రకటనల నియంత్రణ వెనుక కథ

2025 సెప్టెంబరులో ఆసియా కప్ ఆడేందుకు దుబాయ్ మైదానంలో దిగిన భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద, మామూలుగా స్పాన్సర్ పేరు ఉండే చోటు ఖాళీగా ఉంది. మూడేళ్లకు 358 కోట్ల రూపాయలు ఇస్తామని 2023లో బీసీసీఐతో ఒప్పందం చేసుకుని ఆ చోటును దక్కించుకున్న, రుసుము కట్టి ఆడే ఆన్‌లైన్ క్రికెట్ ఆట నడిపే డ్రీమ్11 సంస్థ, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఒక చట్టం కారణంగా గడువు తీరకముందే తప్పుకుంది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ పేరిట వచ్చిన ఆ బిల్లును ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా, 22న రాష్ట్రపతి సంతకం చేశారు. మూడు రోజుల్లో ముగిసిన ఈ వ్యవహారాన్ని చూస్తే ప్రభుత్వం ఉన్నట్టుండి మేలుకొన్నదని అనిపిస్తుంది. కానీ రాష్ట్రం దాటి వచ్చే ప్రకటనను ఎవరు ఆపాలి, నైపుణ్యం ఉన్న ఆటను జూదం అనవచ్చునా అనే రెండు చిక్కుముళ్లూ డెబ్బై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. అప్పటి వివాదానికి మూలం వారపత్రికలో అచ్చయిన గళ్లనుడికట్టు పోటీ.

మన దేశంలో జూదంపై చట్టాలు మొదట చూసింది ఆటనూ కాదు, ప్రకటననూ కాదు, ఆడే చోటును. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం జూదపు ఇల్లు నడిపేవాడికి 200 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, అందులో దొరికినవాడికి 100 రూపాయల వరకు జరిమానా లేదా నెల వరకు జైలు నిర్దేశించింది. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు ఆ చట్టం నిబంధనలు వర్తించవని అందులోనే ఒక మినహాయింపు ఉంది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో (1895-96 ప్రాంతంలో) చేసిన హైదరాబాదు జూద చట్టంలోనూ అలాంటి మినహాయింపే ఉంది. తర్వాత రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 34వ అంశంగా పందేలను, జూదాన్ని చేర్చింది. దాంతో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకోవలసిన పరిస్థితి స్థిరపడింది. నాలుగు గోడల మధ్య పేకాట ఆడేంతకాలం ఈ ఏర్పాటుతో పెద్ద ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది తపాలా సంచిలో వచ్చింది. ఆర్.ఎం.డి.సి. అనే సంక్షిప్త నామంతో నడిచిన గళ్లనుడికట్టు పోటీలను బెంగళూరులో అచ్చయ్యే 'స్పోర్టింగ్ స్టార్' అనే వారపత్రిక ప్రచురించేది. పాఠకులు కూపను నింపి, రుసుము కట్టి పంపితే బహుమతి ఆశ. ఈ పత్రికకు బొంబాయి రాష్ట్రంలోనూ పాఠకులు ఉండేవారు. బొంబాయి ప్రభుత్వం లాటరీలను, బహుమతి పోటీలను అదుపు చేస్తూ 1948లో తెచ్చిన చట్టాన్ని 1952లో సవరించి, రాష్ట్రం వెలుపల అచ్చయ్యే పత్రికల పోటీలను కూడా పన్ను పరిధిలోకి తెచ్చింది. బెంగళూరులో అచ్చయ్యే పత్రిక మీద బొంబాయికి ఏం అధికారం ఉందన్నది నిర్వాహకుల వాదన. 1957 ఏప్రిల్ 9న ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఇచ్చిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. పోటీలో పాల్గొనమన్న పిలుపు బొంబాయి ప్రజలకు చేరింది, కూపన్లూ రుసుమూ బొంబాయిలోనే సేకరించారు, కాబట్టి ఆ రాష్ట్రానికి పన్ను వేసే హక్కు ఉందని కోర్టు తేల్చింది. ఋగ్వేదంలోని జూదరి సూక్తాన్నీ, మహాభారతాన్నీ, మనువునూ ఉదహరిస్తూ, జూదం వ్యాపారమే కాదనీ, వ్యాపార స్వేచ్ఛకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణ దానికి వర్తించదనీ కూడా చెప్పింది. ప్రకటన ఎక్కడ తయారైందన్నది కాదు, ఎవరిని పిలుస్తోందన్నది ముఖ్యమని ఆనాడే గుర్తించిన ఈ తీర్పును తర్వాతి తరం ఎక్కువగా 'జూదం వ్యాపారం కాదు' అన్న ఒక్క మాటకే తలచుకోవడం విచిత్రం.

అదే రోజు వెలువడిన జంట తీర్పు మనకు మరింత దగ్గరిది. అది 1955 నాటి బహుమతి పోటీల చట్టానికి సంబంధించినది. జూదం రాష్ట్రాల అంశం కాబట్టి, ఆ చట్టం చేయమని కొన్ని రాష్ట్రాలు రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద తీర్మానాలు చేసి పార్లమెంటును కోరాయి. వాటిలో అప్పటి ఆంధ్ర రాష్ట్రమూ, హైదరాబాదు రాష్ట్రమూ ఉన్నాయి. నెలకు వెయ్యి రూపాయలకు మించిన బహుమతులు పెట్టరాదని ఆ చట్టం పరిమితి విధించింది. నిర్వాహకులు మాత్రం తమ పోటీల్లో గెలుపు బుద్ధిబలం మీదే ఆధారపడుతుందన్నారు. గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే పోటీలకు ఈ చట్టం వర్తించదని కోర్టు వివరణ ఇచ్చింది. చట్టం నిలబడింది కానీ, అందులో నైపుణ్యమనే కిటికీ ఒకటి తెరుచుకుంది. అరవై ఏళ్ల తర్వాత ఒక పరిశ్రమ మొత్తం ఆ కిటికీలోంచే లోపలికి వచ్చింది.

దాన్ని మరికాస్త వెడల్పు చేసిన ఘట్టానికి వేదిక సికింద్రాబాద్. 1963 మే 4న అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. ఆ కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదనీ, రమ్మీలో ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలనీ, కనుక అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేననీ అన్నారు. పేక చేతబట్టిన వారెవరూ కాదనలేని పరిశీలనే అది. అయితే ఆ తీర్పులోనే, ఆట మీద క్లబ్బు లాభం గడిస్తే అది నేరం కావచ్చన్న హెచ్చరిక కూడా ఉంది. తర్వాతి కాలంలో మొదటి సగాన్ని ఉదహరించినవారు రెండో సగాన్ని అంతగా పట్టించుకోలేదు. 1996లో గుర్రప్పందేలూ నైపుణ్యమే అని మద్రాసు గుర్రప్పందేల క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు చాలా ముందే, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం మట్కాను పేరు పెట్టి నిషేధిస్తూనే, మలక్‌పేట లాంటి మైదానాల్లో ప్రత్యేక ఆవరణలో కాసే గుర్రప్పందేలను మినహాయించింది.

క్రికెట్ పందేలది వేరే దారి. వాటికి ఏ మినహాయింపూ లేదు, అయినా ఆగిందీ లేదు. దక్షిణాఫ్రికా సారథి హాన్సీ క్రోన్యే బుకీతో జరిపిన ఫోన్ సంభాషణలను 2000 సంవత్సరంలో ఢిల్లీ పోలీసులు బయటపెట్టినప్పుడు, 2013 ఐపీఎల్‌లో స్పాట్ ఫిక్సింగ్ వెలుగుచూసినప్పుడు దేశం ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో, ఆటగాళ్లకూ నిర్వాహకులకూ తప్ప మిగతావారికి క్రికెట్ పందేలను చట్టబద్ధం చేయవచ్చని సూచించింది. కోర్టు ఆ ప్రశ్నను లా కమిషన్‌కు వదిలింది. జస్టిస్ బి.ఎస్. చౌహాన్ నేతృత్వంలోని లా కమిషన్ 2018 జులైలో తన 276వ నివేదికలో, ప్రస్తుత పరిస్థితుల్లో చట్టబద్ధం చేయడం మంచిది కాదనీ, ఆపడం సాధ్యం కాకపోతే మాత్రం ఆధార్, పాన్‌లతో అనుసంధానించి, నగదు లేని లావాదేవీలతో గట్టిగా నియంత్రించాలనీ చెప్పింది. ఎటూ మొగ్గని ఆ నివేదిక అలమారలోనే ఉండిపోయింది. చట్టం చేయాల్సినవారు తేల్చుకోలేని ఆ సమయంలోనే వ్యాపారం తన దారి తాను చూసుకుంది.

2017 ఏప్రిల్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఫ్యాంటసీ క్రికెట్‌ను నైపుణ్యమున్న ఆటగా గుర్తించింది. నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి, రుసుము చెల్లించి, వారి ప్రదర్శనను బట్టి బహుమతి గెలుచుకునే ఈ ఆటకు అప్పటినుంచి ప్రకటనల వెల్లువ మొదలైంది. 2020లో టైటిల్ స్పాన్సర్‌గా ఉన్న వివో తప్పుకోగానే ఐపీఎల్ టైటిల్ హక్కులను డ్రీమ్11 ఆ ఏడాదికి 222 కోట్లకు తీసుకుంది. ఇంతలో తెలుగు రాష్ట్రాలు ఎదురుదారి పట్టాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సులు తెచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే పని చేసింది. 132 వెబ్‌సైట్లనూ యాప్‌లనూ అడ్డుకోవాలని అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కేంద్రానికి లేఖ కూడా రాశారు. అయితే నిషేధం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగింది, ప్రకటన ఆగలేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని ఐపీఎల్ చూసేవారికి ఓవరు ఓవరుకూ అదే ప్రకటన వచ్చేది, తెర అడుగున చిన్న అక్షరాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవారు ఆడరాదన్న సూచనతో. ఆడకూడదని చెబుతూనే ఆడమని పిలిచే ఆ ప్రకటనకు 1957లో బెంగళూరు కూపనుకు వేసిన ప్రశ్నే వేయవలసి ఉండింది. కానీ ఆ ప్రశ్న వేసే అధికారం రాష్ట్రం చేతిలో లేదు, అధికారం ఉన్న కేంద్రానికి చట్టం లేదు.

చట్టం లేని చోట సలహాలు వచ్చాయి. వాణిజ్య ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ రూపొందించిన మార్గదర్శకాలు 2020 డిసెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిని పాటించాలని సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ టీవీ చానెళ్లకు సూచించింది. ఆర్థిక నష్టం ముప్పు ఉందన్న హెచ్చరిక ప్రకటనలో కనీసం 20 శాతం చోటులో ఉండాలి, మాట్లాడే వేగంలోనే వినిపించాలి, 18 ఏళ్లలోపువారు ఆడుతున్నట్టు చూపరాదు, ఆటను సంపాదన మార్గంగానో ఉద్యోగానికి బదులుగానో చిత్రించరాదు. మాటల్లో నిబంధనలు బాగానే ఉన్నాయి. కానీ అవి చట్టబద్ధమైన ఆటల ప్రకటనలకే. విదేశాల్లో కూర్చుని అసలైన పందేలు నడిపేవారికి ఆ హెచ్చరికతో పనేముంది?

వారు ఎంచుకున్న దారి మద్యం కంపెనీలు ఏనాడో వేసినదే. మద్యం పేరుతో సోడా ప్రకటన వేసినట్టే, పందేల సైటు పేరుతో వార్తల సైటు, క్రీడా విశేషాల సైటు ప్రకటనలు వచ్చాయి. పేరు అదే, ముద్ర అదే, రంగు అదే. 2022 జూన్ 13న మంత్రిత్వ శాఖ పందేల ప్రకటనలు వేయవద్దని చానెళ్లకు, పత్రికలకు, వెబ్‌సైట్లకు సలహా ఇచ్చింది. అక్టోబరు 3న మళ్లీ ఇస్తూ ఫెయిర్‌ప్లే, ప్యారీమ్యాచ్, బెట్‌వే, వోల్ఫ్777, వన్‌ఎక్స్‌బెట్ పేర్లను ప్రస్తావించింది. 2023లో మరికొన్ని, 2024 మార్చిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ప్రత్యేకంగా ఇంకొకటి జారీ అయ్యాయి. అదే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా హెచ్చరించింది. ఒకే సలహాను ఇన్నిసార్లు చెప్పవలసి వచ్చిందంటే వినేవారు ఎందరో ఊహించవచ్చు. సైట్లను నిరోధిస్తూ 2022 నుంచి 2025 జూన్ దాకా 1,524 ఉత్తర్వులు ఇచ్చామని ప్రభుత్వం తెలిపింది.

ఈ మధ్యలో నైపుణ్యమన్న మాట బలహీనపడటం పన్నుల విషయంలో మొదలైంది. 2023 అక్టోబరు 1 నుంచి, ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా, కట్టే పూర్తి మొత్తంపై 28 శాతం జీఎస్టీ వేశారు. కోర్టుల్లో మాత్రం ఆ మాట బలంగానే ఉంది. తమిళనాడు నిషేధాన్ని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు, కర్ణాటక నిషేధాన్ని 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేశాయి.

2025 మార్చిలో వివాదం మళ్లీ హైదరాబాదుకు చేరింది. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసే యూట్యూబర్లపై సామాజిక మాధ్యమాల్లో వరుసగా విమర్శలు చేస్తుండగా, మియాపూర్ పోలీసులు సినీ నటులు, టీవీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కలిపి 25 మందిపై కేసు నమోదు చేశారు. నటుల్లో కొందరి తరఫున వచ్చిన వివరణ ఏమిటంటే, తాము ప్రచారం చేసింది నైపుణ్య ఆటలకేనని, అదీ అనుమతి ఉన్న ప్రాంతాలవరకేనని. ఆ కేసుల్లో ఎవరి తప్పెంతో తేల్చవలసింది న్యాయస్థానమే గానీ, సికింద్రాబాద్ క్లబ్బు తీర్పులోని ఒక మాట ఇన్ని చేతులు మారి సినిమా తారల వివరణ పత్రంలో తేలడం గమనించదగినది. బెట్టింగ్ యాప్‌లను నిషేధించాలని కె.ఎ. పాల్ వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు మే నెలలో కేంద్రానికి నోటీసు ఇచ్చింది.

ఆగస్టు చట్టం నైపుణ్యమన్న ఆ మాటనే తీసేసింది. ఆట నైపుణ్యమా, అదృష్టమా, రెండూనా అన్నదానితో నిమిత్తం లేకుండా, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధమంది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటన చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. డబ్బు లావాదేవీలకు దారి ఇచ్చే బ్యాంకులను, చెల్లింపు సంస్థలను కూడా కలిపింది. ఏటా 45 కోట్ల మంది 20 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టపోతున్నారన్నది ప్రభుత్వం చెప్పిన అంచనా. 1955లో రాష్ట్రాల తీర్మానాలు తీసుకుని చేసిన పనిని ఈసారి పార్లమెంటు వాటిని అడగకుండానే చేసింది. జూదాన్ని రాష్ట్రాలకు అప్పగించిన 34వ అంశం మాటేమిటన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

చట్టాన్ని మొదట సవాలు చేసినవారిలో ఏ23 రమ్మీని నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ ఉంది. హైదరాబాదులో పుట్టిన ఈ సంస్థ 2017 నిషేధంతో సొంత రాష్ట్రంలోనే ఆట ఆపుకోవలసి వచ్చింది. అది ఆగస్టు నెలాఖరులో కర్ణాటక హైకోర్టుకు వెళ్లగా, అక్కడి వ్యాజ్యాన్నీ, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో దాఖలైన వాటినీ సుప్రీంకోర్టు సెప్టెంబరు 8న తన ముందుకు బదిలీ చేసుకుంది. రమ్మీ నైపుణ్యమున్న ఆట అని చెప్పేందుకు పరిశ్రమ చేతిలో ఉన్న అన్నిటికన్నా పాత ఆధారం, 1963లో సికింద్రాబాద్ క్లబ్బులో పోలీసులు పట్టుకున్న ఆ పేకాట కేసే.